నెట్ లేకపోయినా అడుగులు ఎక్కడికీ పోవు

డేటా ప్యాక్ అయిపోతే చేతి బ్యాండ్‌లో అడుగుల లెక్క పోతుందని మా బావగారికి పెద్ద టెన్షన్. ప్రకాశం బ్యారేజీ మీద వాకింగ్‌కి రీచార్జ్ చేయించుకుని మరీ బయల్దేరతారు! అంత అక్కర్లేదండీ. అడుగులు లెక్కపెట్టేది బ్యాండ్‌లోని సెన్సారే, దాచుకునేదీ బ్యాండే. ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో వదిలేసి వెళ్లినా లెక్క ఆగదు.

ఇంటికొచ్చాక ఆ లెక్క ఫోన్‌లోకి చేరేది బ్లూటూత్ మీద. రెండూ ఒకే గదిలో ఉంటే చాలు. నెట్‌తో పని ఆ తర్వాత, యాప్ దాన్ని కంపెనీ సర్వర్‌కి పంపేటప్పుడు. తిరకాసంతా ఇక్కడే. కొన్ని యాప్‌లు నెట్ లేకుండానే అంకెలు చూపిస్తాయి. ఫిట్‌బిట్, గార్మిన్ లాంటి కంపెనీల బ్యాండ్‌లకు మాత్రం నెట్ ఉంటేనే సింక్ (బ్యాండ్ లెక్క యాప్‌లోకి చేరడం) పూర్తవుతుంది. ఫిట్‌బిట్ మోడళ్లలో చాలావరకు నిమిషాలవారీ వివరాలను 7 రోజులే దాచుకుంటాయి. కాబట్టి సిగ్నల్ లేని ఊరికి వెళ్తే వారం దాటకముందే ఒకసారి నెట్ దొరికేలా చూసుకోండి.

జీపీఎస్‌కి కూడా నెట్ అక్కర్లేదు, అది ఉపగ్రహాల పని. చవక బ్యాండ్‌లలో చాలావాటికి సొంత జీపీఎస్ ఉండదు కాబట్టి, ఫోన్ వెంట లేకపోతే దూరం అడుగుల అంచనాయే.

సింక్ మొరాయిస్తే కంగారుపడి బ్యాండ్‌ను రీసెట్ మాత్రం చేయకండి, ఫోన్‌లోకి చేరని లెక్క తుడిచిపెట్టుకుపోవచ్చు. ముందు బ్లూటూత్ ఆపి మళ్లీ వేయండి.