షుగరు రాకముందే – 4వ పాఠం: నీడ కొలవడం, అన్నం కొలవడం

పోయిన పాఠంలో రిపోర్టు చదవడం నేర్చుకున్నాం. పరగడుపున షుగరు 100 నుంచి 125, లేదా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 5.7 నుంచి 6.4 ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగరుకు ముందు మెట్టు. అదే కాగితంలో విటమిన్ డి కూడా 20 కంటే తక్కువ కనబడిందంటే రెండు టెన్షన్లు ఒకేసారి పట్టుకుంటాయి. వెంటనే వచ్చే ప్రశ్న: "డి మాత్ర వేసుకుంటే షుగరు రాదంట గదా?"

అంత ఆశ పెట్టుకోకండి. ప్రీడయాబెటిస్ ఉన్న 2,423 మందితో అమెరికాలో పెద్ద పరీక్ష చేసి 2019లో ఫలితం చెప్పారు. సగం మందికి రోజూ 4,000 యూనిట్ల డి, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర. సుమారు రెండున్నరేళ్లలో డి వేసుకున్నవాళ్లలో 293 మందికి, వేసుకోనివాళ్లలో 323 మందికి షుగరు వచ్చింది. మందు వల్లే తగ్గిందని గట్టిగా చెప్పడానికి ఆ తేడా చాలదు. ఇలాంటివే మూడు పరీక్షలు కలిపి 2023లో లెక్క వేస్తే ముప్పు 15 శాతం తగ్గినట్టు కనిపించింది. ఇక తిండి, నడక సంగతి చూడండి. చెన్నై డాక్టర్లు 2006లో ప్రచురించిన అధ్యయనంలో మామూలుగా వదిలేసినవాళ్లలో మూడేళ్లకు 55 శాతం మందికి షుగరు వస్తే, తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39 శాతానికే వచ్చింది. అందుకే నా లెక్కలో డి ఎముకల కోసం, పళ్లెం షుగరు కోసం.

ముందు ఎండ. పొద్దున్నే ఏడింటికి మన నెల్లూరు దగ్గరి మైపాడు బీచిలో నడిస్తే షుగరుకు మంచిదే, డికి మాత్రం పెద్దగా లాభం లేదు. ఏటవాలు ఎండలో డి తయారుచేసే కిరణాలు గాలి పొరల్లోనే ఆగిపోతాయి. గుర్తు సులువు: నిటారుగా నిలబడి మీ నీడ చూడండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఆ ఎండ పనికొస్తుంది. మన వైపు మే నెలలో తొమ్మిదింటికే నీడ మన ఎత్తుకు వచ్చేస్తుంది. డిసెంబరులో పదిన్నర దాటాలి. తిరుపతిలో చేసిన పరిశీలనలో 11 నుంచి 2 మధ్య ఎండ బాగా పనిచేస్తుందని తేలింది గానీ, రోహిణి కార్తెలో ఆ వేళకు బయట నిలబడితే వడదెబ్బే. ఎండాకాలం తొమ్మిదిన్నరకే ముగించుకోండి. చేతులు, కాళ్లు బయటికి ఉండాలి. చామనఛాయ ఒంటికి అరగంట దాకా పట్టొచ్చు. కిటికీ అద్దంలోంచి పడే ఎండ లెక్కలోకి రాదు.

తిండిలో డి తక్కువ. కవళ్లు, కానాగంతల్లాంటి నూనె చేపల్లో బాగుంటుంది, గుడ్డు పచ్చసొనలో కొంచెం. శాకాహారులు పాల ప్యాకెట్ మీద ప్లస్ ఎఫ్ గుర్తు (విటమిన్లు కలిపారని అర్థం) చూసి కొనండి. అయినా లీటరుకు 200 నుంచి 300 యూనిట్లే కలుపుతారు, మనకు రోజుకు 600 కావాలి. మందుల షాపులో దొరికే డి పొడి సాషేలో ఉండేది 60,000 యూనిట్లు. డాక్టరు వారానికొకటి రాస్తే, మంచిదే కదా అని రోజూ తాగేవాళ్లున్నారు. అలా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది.

ఇక పళ్లెం. నెల్లూరు చేపల పులుసు మీద నాకే ఫిర్యాదూ లేదు. చిక్కంతా పులుసు బాగుందని మూడోసారి పెట్టించుకునే అన్నంతోనే. చేప ముక్కలు రెండున్నా, పులుసుతోనే గిన్నెడు అన్నం లోపలికి పోతుంది. వరస మార్చండి. ముందు బీరకాయో గోరుచిక్కుడో కూర ఉత్తిదే తినండి, తర్వాత చేప ముక్కలు, చివర్లో అన్నం. కూరా చేపా ముందు పడితే అన్నంలోని చక్కెర రక్తంలోకి నిదానంగా చేరుతుంది. సంగటి తిన్నా ఇదే పద్ధతి. రాగి కదా అని ముద్ద మీద ముద్ద వేసుకుంటే అదీ పిండిపదార్థమే.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లో అన్నం గరిటె ఒకటి ఖాయం చేసుకుని, ఇప్పుడు పూటకు ఎన్ని గరిటెలు తింటున్నారో మూడు రోజులు రాయండి. ఏమీ తగ్గించొద్దు, ఉన్నది రాయండి చాలు. నాలుగో రోజు నుంచి ఒక గరిటె తీసేసి, అంత కూర వేసుకోండి. భోజనం అయ్యాక పది నిమిషాలు వీధిలో నడవండి. గ్లూకోమీటరు ఉంటే మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు చూసి పక్కన రాయండి. వచ్చే పాఠంలో ఆ అంకెలు ముందు పెట్టుకునే సద్దన్నం, ఎర్రకారం దోసె సంగతి చూద్దాం.