వారసత్వంగా వచ్చిన నాణేలు – మొదటి పాఠం: పెట్టెను ఉన్నది ఉన్నట్లుగా చదవడం

ఒక్క నాణెం కూడా కొనకుండానే ఒక సేకరణకు యజమానులైన వారి కోసం ఈ పాఠాలు రాస్తున్నాను. తాతగారో, మేనత్తగారో, తండ్రిగారో ఏళ్ల తరబడి కూడబెట్టిన పెట్టె వారి తరువాత మీ చేతికి వచ్చింది. అందులో కాగితపు కవర్లు, రేకు డబ్బాలు, ఒకటి రెండు ఆల్బమ్‌లు, అడుగున మూటకట్టిన చిల్లర ఉన్నాయి. స్వయంగా సేకరణ ప్రారంభించేవారు ఒక్కొక్క నాణెంతో ఒక్కొక్క సంగతి నేర్చుకుంటూ పోతారు. మీకు ఆ వెసులుబాటు లేదు. మరొకరు జీవితకాలంలో నేర్చుకున్నదంతా ఒక్కసారిగా మీ ముందుకు వచ్చింది, దానిని వివరించగల మనిషి మాత్రం ఇప్పుడు లేరు. అందుకే మన చదువును నాణేలతో కాక, ఆ మనిషి వాటిని అమర్చిన తీరుతో మొదలుపెడతాము.

ఈ పాఠం పూర్తయ్యేవరకు నాణేలను తోమవద్దు, వాటి వరుస మార్చవద్దు. వెల కట్టించడం, అమ్మడం అనే ఆలోచనలను కూడా అప్పటిదాకా పక్కన ఉంచండి; ఏమున్నదో తెలియకుండా అడిగిన వెలకు అర్థం లేదు.

అమరికే మొదటి సాక్ష్యం

పెట్టె మూత తీసిన వెంటనే, ఏదీ కదపకుండా పైనుంచి ఒక ఫొటో తీయండి. తరువాత ఒక్కొక్క పొరను బయటికి తీస్తూ, తీసిన ప్రతిసారీ మరొక ఫొటో తీయండి. ఆల్బమ్ ఉంటే ప్రతి పుటకూ రెండు వైపులా తీయాలి. కవర్ల మీద, కాగితపు ముక్కల మీద, డబ్బా మూత లోపలి వైపున ఏ రాత కనిపించినా, అది తప్పుల తడకగా ఉన్నా, కొట్టివేసి ఉన్నా, విడిగా దగ్గరనుంచి ఫొటో తీసి, అక్షరం మార్చకుండా నోటు పుస్తకంలో ఎక్కించండి.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, నాణెం తన గురించి తాను చెప్పగలిగినది చాలా కొద్ది. దాని మీద పాలకుని పేరు, విలువ, సంవత్సరం ఉండవచ్చు. కానీ అది ఎవరి దగ్గర కొన్నది, ఏ సంవత్సరంలో ఇంటికి చేరింది, పక్కనున్న ఏ నాణెంతో కలిసి దొరికింది అనే వివరాలు కవరు మీదనే ఉంటాయి. ఒకే దేశపు, ఒకే సంవత్సరపు రెండు నాణేలను సేకర్త వేర్వేరు కవర్లలో పెట్టి ఉంటే, వాటి మధ్య మీకు ఇంకా కనిపించని తేడా ఏదో ఆయనకు కనిపించి ఉండవచ్చు. ఆ తేడా నాణెం ఏ టంకశాలలో (ముద్రించిన చోట) తయారయిందో చెప్పే గుర్తులో ఉండవచ్చు, అంచులో ఉండవచ్చు, అచ్చులోని ఒక చిన్న చుక్కలో ఉండవచ్చు. 1862 సంవత్సరం వేసిన విక్టోరియా రూపాయలు దీనికి మంచి ఉదాహరణ. ఆ సంవత్సరపు అంకెను మార్చకుండానే 1874 వరకు వాటిని ముద్రించారు; ముద్రణ కాలపు తేడాలను చిన్న చిన్న చుక్కలతో సూచించారు. అవి ఒక్క కుప్పగా కలిసిపోతే, చుక్కలు లెక్కపెట్టి ఎవరో చేసిన పరిశ్రమ అంతా చెదిరిపోతుంది.

నాకు మేనమామ గారి పెట్టె వచ్చినప్పుడు నేను చేసిన మొదటి పని, పాతబడి పసుపెక్కిన కవర్లను పారేసి, నాణేలను దేశాలవారీగా కొత్త ఆల్బమ్‌లో సర్దడం. పని చక్కగా జరిగిందనే అనుకున్నాను. ఆయన సన్నని పెన్సిలు రాత ఆ కవర్ల మీద ఉన్నదని తెలుసు, అది అవసరమని మాత్రం అప్పట్లో తెలియలేదు. ఈనాటికీ ఆ ఆల్బమ్‌లో ఆయన వాటిని ఎందుకు దాచారో నేను చెప్పలేని నాణేలు ఉన్నాయి. మీ విషయంలో అలా జరగకూడదని ఈ పాఠాన్ని ఇక్కడినుంచి మొదలుపెట్టాను.

ఫొటోలు పూర్తయ్యాక ప్రతి కవరుకూ, ఆల్బమ్‌లోని ప్రతి గడికీ ఒక వరుస సంఖ్య ఇవ్వండి. పాత కవరు మీద కొత్తగా ఏమీ రాయకుండా, చిన్న కాగితపు చీటీ మీద పెన్సిలుతో రాసి దాని పక్కన ఉంచండి. నాణానికి నేరుగా ఏదీ అంటించకూడదు. అంటించే టేపులోని జిగురు లోహం మీద మరకగా మిగిలిపోతుంది.

తోమకూడదని ఎందుకు చెబుతారు

ఈ నియమాన్ని చాలామంది వింటారు, కారణం తెలియక కొన్నాళ్లకు మరిచిపోతారు. కారణం తెలిసినవారు మరిచిపోరు. రెండు ఉక్కు అచ్చుల మధ్య లోహపు బిళ్లను పెట్టి గట్టిగా అదిమినప్పుడు, లోహం మధ్యనుంచి అంచులవైపు పాకుతుంది. ఆ పాకుడు వల్ల నాణెం పైన కంటికి ఆనని సన్నని గీతలు చక్రపు ఆకుల వలె ఏర్పడతాయి. వాడని నాణాన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే వెలుగు చక్రంలా తిరిగేది ఆ గీతల వల్లనే. ముద్రణ నాటి ఆ కళను తిరిగి తెప్పించే పద్ధతి ఏదీ లేదు. పళ్లపొడి, సోడా, పాలిషు గుడ్డ ఇవన్నీ లోహపు పైపొరను అరగదీస్తాయి. అరిగిన తరువాత మిగిలేది అడ్డదిడ్డమైన గీతల మెరుపు. అలవాటున్న కన్ను దానిని భూతద్దం కూడా అక్కరలేకుండా పట్టేస్తుంది, సేకర్తలు అటువంటి నాణాన్ని తక్కువగానే చూస్తారు.

వెండి మీద కనిపించే పసుపు, నీలం, ఊదా, చివరికి నలుపు రంగులు మురికి కావు. గాలిలోని గంధకపు సమ్మేళనాలు వెండితో కలిసి ఏర్పడే సల్ఫైడు పొర అది. పొర మందం పెరిగే కొద్దీ రంగు మారుతుంది. ముంచితే చాలు తెల్లబడుతుందని చెప్పే ద్రావణాలు ఆ పొరతో పాటు కొంత వెండిని కూడా తీసుకుపోతాయి. రాగి, కంచు నాణేల మీద గట్టిగా, నున్నగా ఉన్న గోధుమ లేదా ముదురు పచ్చ పూత కూడా అటువంటిదే. అది లోహాన్ని కాపాడుతుంది, దానిని అలాగే ఉండనివ్వండి.

దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. మొదటిది, రాగి లేదా కంచు నాణెం మీద లేతపచ్చ పొడి పుట్టుకొస్తూ, గోటితో తాకితే రాలుతూ ఉండడం. అది సాధారణ చిలుము కాదు. లోహంలోకి చేరిన క్లోరైడు తేమతో కలిసి లోపలినుంచి తినేస్తున్నదనడానికి అది గుర్తు. అటువంటి నాణాన్ని వెంటనే వేరుచేసి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు మూత బిగుతైన డబ్బాలో పొడిగా ఉంచండి. చికిత్స అనుభవజ్ఞులతో చేయించవలసిన పని. రెండవది, పాత మెత్తని ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లలో ఉన్న నాణేల మీద జిగటగా, పచ్చగా పేరుకునే పొర. పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపిన పదార్థాలు కాలక్రమంలో బయటికి వస్తాయి, ప్లాస్టిక్ శిథిలమవుతూ ఆమ్లాన్ని కూడా విడుదల చేస్తుంది. ఆల్బమ్ తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తే దానిని అనుమానించవలసిందే. స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీస్తే ఈ పొర కరిగిపోతుంది. అసిటోన్ లోహాన్ని అరగదీయదు కనుక ఇది తోమడం కిందికి రాదు. అయితే గోళ్ల రంగు తుడిచే ద్రవంలో సువాసనలు, నూనెలు కలుపుతారు కనుక అది పనికిరాదు. అసిటోన్ తేలికగా అంటుకుంటుంది, అందుచేత నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట, గాజు పాత్రలోనే ఈ పని చేయాలి. నాణాన్ని రుద్దకుండా, గుడ్డతో తుడవకుండా దానంతట అదే ఆరనివ్వాలి.

పట్టుకునే తీరు, ఉంచే చోటు

చేతులు కడిగి, బాగా ఆరాక, బొటనవేలితోనూ చూపుడువేలితోనూ నాణాన్ని అంచుల దగ్గర పట్టుకోండి. బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి, దానికి కొద్ది ఎత్తులోనే చూడండి. వేలిముద్రలోని ఉప్పు, ఆమ్లం కొన్నాళ్లకు లోహంలో ముద్రగా నిలిచిపోతాయి. రాగి మీద అవి మరీ త్వరగా కనిపిస్తాయి. నాణెం మీదికి వంగి మాట్లాడవద్దు. ఉమ్మి తుంపర్లు పడిన చోట నల్లని చుక్కలు ఏర్పడతాయి.

రబ్బరు బ్యాండ్లను ఈ రోజే తీసివేయండి. వాటిలోని గంధకం వెండి మీద నల్లని చారలు వేస్తుంది. పీవీసీ జేబుల స్థానంలో మైలార్ అనే పాలియెస్టర్ పొరతో చేసిన జేబులు వాడవచ్చు, అవి గట్టిగా, గాజులా ఉంటాయి. పిన్నులు కొట్టిన అట్ట చట్రాలనుంచి నాణాన్ని తీసేటప్పుడు ముందు పిన్నులన్నీ విప్పండి, లేకపోతే పిన్ను మొన గీరుకుంటుంది. ఓక్ చెక్క పెట్టె చూడటానికి ఎంత బాగున్నా, ఆ చెక్కనుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి నాణేలకు మంచిది కాదు.

మొదటి పట్టిక

ఇప్పుడు నాలుగు పనిముట్లు కావాలి: గ్రాములో వందో వంతు వరకు చూపే తూకం, వ్యాసం కొలిచే ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్స్, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, ఒక అయస్కాంతం. నోటు పుస్తకంలో ప్రతి నాణానికీ వరుస సంఖ్య, అది ఉన్న చోటు, కవరు రాత, దేశం, విలువ, కనిపించిన సంవత్సరం, బరువు, వ్యాసం, అంచు తీరు, అయస్కాంతానికి అంటుకున్నదా లేదా అనే వివరాలు రాయండి. చదవలేని లిపి ఉంటే ఊహించి రాయకుండా, ఉన్నది ఉన్నట్లు బొమ్మ గీయండి. వెల కోసం గడి పెట్టకండి.

ఈ కొలతలు చెప్పే కబుర్లు చాలా ఉన్నాయి. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. 1940 నుంచి 1945 వరకు వేసిన రూపాయల బరువు కూడా అంతే, కానీ వాటిలో వెండి సగానికి తగ్గిపోయింది. అప్పటి అంచు మీది గీతల నడుమ ఒక గాడి కనిపిస్తుంది, కనుక తూకం చెప్పలేనిది అంచు చెబుతుంది. 1947 నాటి రూపాయి నికెల్‌తో చేసినది, అయస్కాంతానికి అంటుకుంటుంది. బ్రిటన్ తన వెండి నాణేలలో 1920లో వెండిని 92.5 శాతం నుంచి 50 శాతానికి తగ్గించింది, 1947లో పూర్తిగా మానేసింది. అమెరికా 1943లో యుద్ధ అవసరాలకు రాగిని మిగుల్చుకుని, జింకు పూసిన ఉక్కుతో ఒక సెంటు నాణేలు వేసింది. పొరపాటున రాగి మిశ్రమంతో పడిన ఆ ఏటి సెంట్లు అతి కొద్ది. అందుకే ఉక్కు సెంటుకు రాగి పూత పూసి మోసగించేవారు ఎప్పుడూ ఉన్నారు, అయస్కాంతం ఒక్క క్షణంలో ఆ మోసాన్ని బయటపెడుతుంది.

సంవత్సరాన్ని మాత్రం తొందరపడి నమ్మవద్దు. ఆస్ట్రియాను ఏలిన మరియా థెరీసా చనిపోయిన 1780 సంవత్సరమే ఆమె పేరిటి థేలర్ అనే పెద్ద వెండి నాణెం మీద స్థిరపడిపోయింది. ఆ తరువాత వియన్నాలోనే కాక రోమ్, లండన్, పారిస్, బొంబాయి టంకశాలలలో కూడా అదే సంవత్సరంతో ఆ నాణాన్ని ముద్రించారు. మీ పెట్టెలో అది ఉంటే, అది ఏ టంకశాలలో ఎప్పుడు తయారయిందన్న ప్రశ్నకు జవాబు అంకెలలో కాక, ముఖచిత్రంలోని పతకపు ముత్యాలు, గద్ద రెక్కల ఈకలు వంటి చిన్న వివరాలలో వెతకవలసి ఉంటుంది.

అభ్యాసం

పెట్టెలో ఏదో ఒక పొర ఎంచుకుని, అందులోని పది నాణేలకు పైన చెప్పిన వివరాలన్నీ పూర్తిచేయండి. బాగున్నవి ఏరుకోకుండా పక్కపక్కనే ఉన్నవాటిని తీసుకోండి. ఒకదాని పక్కన మరొకటి ఎందుకు ఉన్నదో పట్టికలో ఏ గడి అయినా చెబుతున్నదేమో చూడండి, చెప్పకపోతే ఆ చోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. రెండవ పాఠంలో హిజ్రీ, శక, విక్రమ సంవత్సరాలను, టంకశాల గుర్తులను చదవడం నేర్చుకుంటాము. అప్పటికి ఆ ప్రశ్నార్థకాలు మీ ముందు ఉండాలి.