టెక్సస్ చిన్న ఊళ్లో హైస్కూలు: 26 క్రెడిట్ల లెక్క ముందే కట్టుకోండి

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోలోనో కేటీలోనో దిగితే మీ పిల్లవాడి ఎస్ఎస్‌సీ మెమో అక్కడి కౌన్సెలర్‌కు, అంటే కోర్సులు ఎంచిపెట్టే స్కూలు సలహాదారుకు, కొత్తేమీ కాదు. ఆస్పత్రి ఉద్యోగం మీదో చమురు కంపెనీ పని మీదో ఓ చిన్న ఊరికి వచ్చినవాళ్ల సంగతి వేరు. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) మొత్తానికీ ఒకటే హైస్కూలు, ఒకరో ఇద్దరో కౌన్సెలర్లు, పన్నెండో తరగతిలో అరవై డెబ్బై మంది పిల్లలు. మన మార్కుల కాగితం చూడటం వాళ్లకు అదే మొదటిసారి కావచ్చు. ఓపికగానే వింటారు, కానీ ఆ కాగితంలో ఏముందో విడమరిచి చెప్పే పని మాత్రం మీదే. చెప్పకపోతే చదివేసిన లెక్కలే పిల్లవాడు మళ్లీ ఏడాది పొడుగునా చదువుతాడు.

ఇక్కడ రాసింది తొమ్మిది నుంచి పన్నెండు మధ్య చేరే పిల్లల కోసం. చిన్న తరగతుల వాళ్లకు టీకాలు, హాజరు సంగతి చూసుకుంటే చాలు.

రాష్ట్రం అడిగేది

ఇక్కడ తరగతి పాసవ్వడం కాదు, క్రెడిట్లు పోగవ్వడం ముఖ్యం. ఏడాది సబ్జెక్టుకు ఒక క్రెడిట్, సెమిస్టర్‌కు అర. పాస్ మార్కు 70. టెక్సస్‌లో కనీస డిప్లొమాకు 22 క్రెడిట్లు కావాలి: ఇంగ్లిష్ 4, లెక్కలు 3, సైన్స్ 3, సోషల్ 3, ఇంగ్లిష్ కాని ఒకే భాషలో 2, పీఈ (వ్యాయామం) 1, లలితకళలు 1, ఎలెక్టివ్‌లు (ఇష్టమైన సబ్జెక్టులు) 5. దీనికి పైన నాలుగో లెక్కల క్రెడిట్, నాలుగో సైన్స్ క్రెడిట్, మరో రెండు ఎలెక్టివ్‌లు చేరిస్తే 26. దాన్నే ఎండార్స్‌మెంట్‌తో డిప్లొమా అంటారు. ఎండార్స్‌మెంట్ అంటే ఒక రంగం వైపు మొగ్గే కోర్సుల వరస. తొమ్మిదో తరగతిలో చేరేటప్పుడే ఎండార్స్‌మెంట్ రాతపూర్వకంగా ఎంచుకోవాలి. స్టెమ్, బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ అని మొత్తం ఐదున్నాయి. చిన్న డిస్ట్రిక్ట్‌లో ఐదూ ఉండవు, మల్టీడిసిప్లినరీ మాత్రం దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది. స్టెమ్ లేదని దిగులు పడకండి, కాలేజీవాళ్లు చూసేది చదివిన కోర్సులను.

వదులుకోకూడనిది డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్. ఆల్జీబ్రా 2తో కలిపి నాలుగు లెక్కలు, నాలుగు సైన్సులు, ఒక ఎండార్స్‌మెంట్ ఉంటే అది వస్తుంది. అది ఉంటేనే క్లాసులో మొదటి పది శాతం పిల్లలకు టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) మాత్రం 2026 ఫాల్ ప్రవేశాల నుంచి మొదటి ఐదు శాతానికే ఇస్తోంది. చిన్న స్కూల్లో ఈ శాతాలు ఎలా ఉంటాయో చూడండి: క్లాసులో 64 మంది ఉంటే పది శాతమంటే ఆరుగురు, ఐదు శాతమంటే ముగ్గురు. ఒక్క సబ్జెక్టులో నాలుగు మార్కులు తగ్గినా ర్యాంకు కిందికి జారుతుంది.

ఇవి రాష్ట్రం పెట్టిన కనీసాలు. డిస్ట్రిక్ట్ వీటి మీద ఇంకొన్ని పెట్టుకోవచ్చు. అర క్రెడిట్ హెల్త్, అర క్రెడిట్ ప్రొఫెషనల్ కమ్యూనికేషన్స్ చాలాచోట్ల ఉంటాయి. ఎక్కడ వెతకాలంటే, డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో బోర్డు పాలసీ అని ఉంటుంది. అందులో ప్రతి పాలసీకీ ఇంగ్లిష్ అక్షరాల కోడ్ ఉంటుంది. ఈ-ఐ-ఎఫ్ గ్రాడ్యుయేషన్‌కు, ఈ-ఐ-సీ ర్యాంకుకు, ఎఫ్-ఈ-సీ హాజరుకు, ఈ-హెచ్-డీ-బీ, ఈ-హెచ్-డీ-సీ పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవడానికి. ఒక్కోదానికి లీగల్, లోకల్ అని రెండు కాగితాలుంటాయి. లీగల్ రాష్ట్రమంతటా ఒకటే. మీకు కావలసింది లోకల్. నాలుగైదు పేజీలకు మించవు, చేరడానికి ముందు రాత్రి చదివేయొచ్చు.

వెనకనుంచి లెక్క

పదో తరగతి మార్చిలో రాసి ఆగస్టులో ఇక్కడ చేరే పిల్లవాణ్ని ఉదాహరణగా తీసుకుందాం. వయసు ప్రకారం పదకొండులో కూర్చోబెట్టొచ్చు. తల్లిదండ్రులు కోరుకునేదీ అదే. ఆ స్కూల్లో రోజుకు ఏడు పీరియడ్లనుకుంటే ఏడాదికి ఏడు క్రెడిట్లు, రెండేళ్లకు పద్నాలుగు. 26లో 14 తీసేస్తే మిగిలిన 12 ఇండియా చదువు నుంచి రావాలి. తొమ్మిది, పది తరగతుల్లో ఏడాదికి ఆరు సబ్జెక్టుల చొప్పున పన్నెండు. అంటే ఒక్కటి కూడా పోకూడదు. పోతే వేసవి కోర్సు, ఆన్‌లైన్ కోర్సు, లేదా పరీక్ష రాసి క్రెడిట్. ఎనిమిది పీరియడ్ల స్కూలైతే కాస్త ఊపిరాడుతుంది. ఈ లెక్క కాగితం మీద కుదరకపోతే పదిలో చేర్చడానికి సందేహించకండి. ఇంట్లో ఏడాది వృథా అంటారు గానీ, అమెరికాలో పదహారేళ్ల పిల్లవాడు పదో తరగతిలో ఉంటే ఎవరూ తలతిప్పి చూడరు. పైగా ర్యాంకుకూ శాట్‌కూ ఏడాది ఎక్కువ దొరుకుతుంది.

ఇక ఆ పన్నెండు ఎలా పోతాయంటే, ఎస్ఎస్‌సీ మెమోలో మొదటి భాష తెలుగు, రెండో భాష హిందీ, మూడో భాష ఇంగ్లిష్ అని ఉంటుంది. 'థర్డ్ లాంగ్వేజ్' అన్న మాట చూసి కౌన్సెలర్ ఇంగ్లిష్‌ను పరాయి భాషగా లెక్కేసి ఇంగ్లిష్ 1 క్రెడిట్ పక్కన పెట్టేస్తారు. తెలుగు అంటే ఏమిటో తెలియక దాన్నీ వదిలేస్తారు. నిజానికి రెండేళ్ల తెలుగో హిందీయో మీ చేతిలో ఉన్న అతి విలువైన క్రెడిట్లు, భాషకు కావలసిన రెండూ అక్కడే తీరిపోవచ్చు. ఆ రెండూ దక్కితే స్పానిష్ 1, స్పానిష్ 2 కూర్చునే బాధ తప్పుతుంది. దక్కకపోతే స్పానిష్ 1 చేరిన మొదటి ఏడాదే మొదలుపెట్టాలి, పన్నెండులో మొదలుపెడితే రెండోది పూర్తికాదు. తెలుగు ఎంత వచ్చో కొలవడానికి అవాంట్ సంస్థ పెట్టే స్టాంప్ పరీక్ష కూడా ఉంది. మీ డిస్ట్రిక్ట్ దాన్ని ఒప్పుకుంటుందా అని ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి.

లెక్కల సమస్య ఇంకోలా ఉంటుంది. మన తొమ్మిది, పది పుస్తకాల్లో బీజగణితం, రేఖాగణితం, త్రికోణమితి కలిసే ఉంటాయి. ఇక్కడ ఆల్జీబ్రా 1 ఒక ఏడాది, జామెట్రీ ఒక ఏడాది, ఆల్జీబ్రా 2 ఇంకో ఏడాది. మెమోలో 'మ్యాథమెటిక్స్' అని ఒక్క ముక్కే ఉంటే దేనికి క్రెడిట్ ఇవ్వాలో తెలియక ఆల్జీబ్రా 1లో కూర్చోబెడతారు. అందుకని రెండు తరగతుల లెక్కల పుస్తకాల విషయసూచిక పేజీలు ఇంగ్లిష్ మీడియంవి తెచ్చుకోండి. వర్గ సమీకరణాలు, రెండు చరరాశుల సమీకరణాలు ఆల్జీబ్రా కిందకు, సరూప త్రిభుజాలు, వృత్తాలు జామెట్రీ కిందకు అని పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఇవ్వండి. సైన్స్‌కూ ఇలాగే, బయాలజీ వేరు, ఫిజికల్ సైన్స్ వేరు అని చూపించాలి. అమెరికా చరిత్ర, గవర్నమెంట్, ఎకనామిక్స్ మాత్రం మన సోషల్‌తో తీరవు, ఇక్కడ చదవాల్సిందే.

తేవాల్సిన కాగితాలు: పదో తరగతి మెమో, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు, టీసీ, స్టడీ సర్టిఫికెట్. ఎస్ఎస్‌సీ మెమోలో పదో తరగతి మాత్రమే ఉంటుంది కాబట్టి ఎక్కువమంది తడబడేది తొమ్మిది దగ్గరే. హెడ్మాస్టర్ సంతకం, స్కూలు ముద్ర, సబ్జెక్టుకు వారానికి ఎన్ని పీరియడ్లో చెప్పే ఒక లేఖ, ఇవి విమానం ఎక్కకముందే తీసుకోండి. వేసవి సెలవుల్లో స్కూలు ఆఫీసు దొరకదు. విదేశీ మార్కుల మదింపు ఏజెన్సీకి డబ్బు కట్టేముందు డిస్ట్రిక్ట్ అడిగిందో లేదో చూసుకోండి, చాలాచోట్ల అడగరు.

ఇండియా మార్కులు ఇక్కడి జీపీఏలోకి (ర్యాంకు కట్టే గ్రేడ్ల సగటులోకి) వస్తాయా అన్నది లోకల్ పాలసీ. రాకపోవడమే మేలనిపిస్తుంది. మన దగ్గర 78 అంటే మంచి మార్కు, ఇక్కడ అది సీ గ్రేడుగా కనిపిస్తుంది. ఎంపిక మీ చేతికిస్తే 'పాస్' అని మాత్రమే నమోదు చేయమనండి.

పరీక్ష రాసి తెచ్చుకునే క్రెడిట్

క్లాసులో కూర్చుని చదివిన సబ్జెక్టే అయితే 70 శాతం, చదవనిదైతే 80 శాతం రావాలి. చదవని సబ్జెక్టుకు రెండే ప్రయత్నాలు. ఏడాదికి కనీసం నాలుగు సార్లు పెడతారు, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఎక్కువగా టెక్సస్ టెక్, ఆస్టిన్ యూటీ తయారుచేసిన పరీక్షలే వాడతారు. 80 వచ్చిందంటే ఆ సబ్జెక్టు రాష్ట్ర పరీక్ష కూడా రాయనక్కర్లేదు. చేరిన వేసవిలోనే జామెట్రీకి ఇది రాయించడం మంచి పని. అయితే వృత్తాల సిద్ధాంతాలు తెలిసినంత మాత్రాన సరిపోదు. రుజువులను ఇక్కడ రెండు వరసల పట్టికగా రాస్తారు, అది వారం పది రోజులు అలవాటు చేసుకోవాలి. అంగుళాలు, అడుగులు కూడా.

రాష్ట్ర పరీక్షలు ఐదు: ఆల్జీబ్రా 1, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, బయాలజీ, అమెరికా చరిత్ర. వీటిని స్టార్ ఈఓసీ (కోర్సు చివర రాసే రాష్ట్ర పరీక్షలు) అంటారు. తప్పితే డిసెంబర్, ఏప్రిల్, జూన్‌లలో మళ్లీ రాయొచ్చు. రెండింటి వరకు చివరిదాకా తప్పినా, స్కూలు వేసే కమిటీ ద్వారా డిప్లొమా పొందే దారి ఉంది. 2027–28 నుంచి స్టార్ పద్ధతి మారుతోంది కాబట్టి అప్పటికి చదువుతూ ఉండేవాళ్లు ఆ ఏటి నిబంధన విడిగా అడగాలి.

ఇంటి భాష ఫారం

చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లవాణ్ని తక్కువ క్లాసులో వేస్తారని భయపడి ఇంగ్లిష్ అని రాసేవాళ్లున్నారు. అలా రాయకండి. తెలుగు అంటే ఒక భాషా పరీక్ష పెడతారు, నాలుగు వారాల్లో కమిటీ నిర్ణయం చెబుతుంది. బాగా వచ్చినవాడికి ప్రత్యేక ఇంగ్లిష్ బోధన ఉండదు. రానివాడికి ఇంగ్లిష్ 1, 2 బదులు ఈసాల్ 1, 2 (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల ఇంగ్లిష్ కోర్సులు) చదివి అవే క్రెడిట్లు తెచ్చుకునే వీలుంటుంది. ఆ ప్రత్యేక బోధన వద్దనే హక్కు మీకుంది, కానీ వద్దన్నా ఏటా టెల్పాస్ అనే ఇంగ్లిష్ స్థాయి పరీక్ష తప్పదు.

వీసా సంగతి స్కూలు అడగదు. వలస పత్రాలు లేని పిల్లలకూ ప్రభుత్వ బడి చదువు నిరాకరించకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన 1982 నాటి ప్లైలర్ వర్సెస్ డో తీర్పు వచ్చింది టెక్సస్‌లోని టైలర్ స్కూళ్ల కేసులోనే. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే రాష్ట్రమే ఒక నంబరు ఇస్తుంది. అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో చాలు. అక్క కొడుకును ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద పిలిపించి ప్రభుత్వ హైస్కూల్లో చదివించాలంటే మాత్రం పూర్తి ఫీజు కట్టాలి, అదీ పన్నెండు నెలలకు మించి కుదరదు.

టీకాల కార్డులో సాధారణంగా లోపించేవి హెపటైటిస్ ఏ, ఆటలమ్మ, గవదలు, మెనింజైటిస్. మన ప్రభుత్వ పట్టికలో ఇవి లేవు, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) ఉంటుంది గానీ గవదలు కూడా కలిసిన ఎంఎంఆర్ ఉండదు. హైదరాబాద్‌లోనే వేయించుకుని తేదీలతో రాయించుకుంటే మొదటి రోజే క్లాసులో కూర్చోవచ్చు.

హాజరు

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం ఉంటేనే క్రెడిట్, మార్కులు 95 వచ్చినా సరే. సెమిస్టర్ 85 రోజులైతే ఎనిమిది రోజులు పోవచ్చు, తొమ్మిదో రోజుతో గీత దాటినట్టే. క్రిస్మస్ సెలవులకు ముందు రెండు వారాలు కలిపి పెళ్లికి వెళ్తే పది రోజులు పోతాయి. ముందే చెప్పాం కదా అంటారు, చెప్పినా లెక్కలోకి వస్తుంది. 75కూ 90కీ మధ్య ఉంటే ప్రిన్సిపాల్ ఒప్పుకున్న ప్రణాళిక ప్రకారం అదనపు పని చేసి క్రెడిట్ దక్కించుకోవచ్చు. అంతకంటే తక్కువైతే హాజరు కమిటీ ముందుకు వెళ్లాలి. పండుగల విషయం వేరు: మతపరమైన పండుగ రోజుకు ముందుగా రాసిస్తే, తప్పిన పని పూర్తిచేస్తే, ఆ రోజు హాజరైనట్టే లెక్క. దీపావళికి ఒంట్లో బాగోలేదని రాయకండి, దీపావళి అనే రాయండి.

చిన్న స్కూల్లో టైంటేబుల్

కొన్ని కోర్సులు ఏడాది మొత్తంలో ఒకే పీరియడ్‌లో ఉంటాయి. ఫిజిక్స్ మూడో పీరియడ్, బ్యాండ్ కూడా మూడో పీరియడ్ అయితే ఒకటి వదులుకోవాల్సిందే. ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఏ ఏడాది ఏ పీరియడ్‌లో పెడతారో వసంతంలో కోర్సులు ఎంచుకునేటప్పుడే అడగండి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కోర్సులు రెండో మూడో ఉంటే లోటుగా భావించకండి. దగ్గరి కమ్యూనిటీ కాలేజీతో డ్యూయల్ క్రెడిట్ ఉంటుంది, అంటే ఒకే కోర్సుకు హైస్కూలు, కాలేజీ క్రెడిట్లు రెండూ వస్తాయి. దానికి ముందు సాధారణంగా టీఎస్ఐ అనే కాలేజీ సంసిద్ధత పరీక్ష దాటాలి. డ్యూయల్ క్రెడిట్‌కు ర్యాంకు లెక్కలో ఏపీతో సమానంగా వెయిట్ ఇస్తారా లేదా అన్నది ఈ-ఐ-సీ లోకల్‌లో ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టకండి.

పన్నెండో తరగతిలో చివరి ఫారం ఒకటుంటుంది. కాలేజీ ఆర్థిక సాయానికి పెట్టే ఫాఫ్సా (కేంద్రానిది) గానీ టాస్ఫా (టెక్సస్‌ది) గానీ నింపాలి, లేదా వద్దని తల్లో తండ్రో సంతకం చేసిన కాగితం ఇవ్వాలి. ఇది కూడా గ్రాడ్యుయేషన్ షరతే. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబ వీసా) పిల్లలకు ఫాఫ్సా వర్తించదు కదా అని ఊరుకుంటే మే నెలలో ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది.