ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్‌ను పార్టిషన్ చేసి, ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసుకోవడం ఎలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 వేసుకుందామన్నా, లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వైపు వెళ్దామన్నా ముందు తేల్చుకోవాల్సింది హార్డ్‌డిస్క్ సంగతే. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలులోనో షాపులో ఇచ్చి ‘ఫార్మాట్ కొట్టండి’ అంటే కొట్టి ఇస్తారు. కానీ ఏ డ్రైవ్‌లో ఏముందో తెలిసింది మీకే. డిస్క్‌ను ఎన్ని ముక్కలు (పార్టిషన్లు) చేయాలన్నదీ మీ పనిని బట్టే ఉంటుంది. అందుకే దీన్ని దగ్గరుండి మీరే చేసుకోవడం మేలు. ఫార్మాట్‌కు పట్టేది నిమిషాలే. దానికి ముందు చేయాల్సిన పనికి మాత్రం ఒక పూట కేటాయించండి.

ముందు డేటా

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. తెర మీద కళ్లెదుట కనిపిస్తోంది కదా అని డెస్క్‌టాప్ ఫైళ్లను చాలామంది మర్చిపోతారు. సీ పోతే అవీ పోతాయి.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మేత లెక్కలైనా, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ బిల్లులైనా ట్యాలీలో ఉంటే, డేటా ఏ ఫోల్డర్‌లోకి వెళ్తోందో ముందు ట్యాలీ తెరిచి చూసుకోండి. చాలా కంప్యూటర్లలో అది సీ డ్రైవ్‌లో యూజర్స్, దాని లోపల పబ్లిక్ ఫోల్డర్ కింద ఉంటుంది. ట్యాలీలో బ్యాకప్ తీసుకోండి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని విడిగా కాపీ కూడా చేయండి. డీటీపీ పని చేసేవాళ్లు అను ఫాంట్లను, వాటి ఇన్‌స్టాలర్‌ను దాచుకోవాలి. అనులో కొట్టిన పాత మేటర్ యూనికోడ్ కాదు. ఆ ఫాంట్లు లేకపోతే పెళ్లి పత్రికంతా అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తుంది.

బ్యాకప్ బయటి హార్డ్‌డిస్క్‌లోనే ఉండాలి. అదే డిస్క్‌లోని డీ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అది బ్యాకప్ కిందికి రాదు. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. చూశాక దాన్ని తీసి బీరువాలో పెట్టేయండి. ఫార్మాట్ చేసే సమయంలో అది ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉండకూడదు.

తర్వాత బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). కొన్నేళ్లుగా వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, ఆ సంగతి యజమానికి తెలియను కూడా తెలియదు. డీ డ్రైవ్‌ను ఉంచి సీని మాత్రమే తుడిచినవాళ్లకు, కొత్త విండోస్ వచ్చాక డీ తెరవబోతే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే డేటా ఉన్నా లేనట్టే. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆఫ్ చేసి, డిక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. రికవరీ కీని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి తీసి కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి.

పాత హార్డ్‌డిస్క్ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో దాని ఆరోగ్యం చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కన పెట్టిన భాగాలు), కరెంట్ పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేకపోతున్న భాగాలు) అనే వరుసల్లో సున్నా ఉండాలి. రంగు పసుపులోకి మారి, పెండింగ్ సెక్టార్లు పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌ను ఫార్మాట్ చేసి లాభం లేదు, మార్చేయాల్సిందే. ఎలాగూ మారుస్తున్నప్పుడు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. తిరిగే హార్డ్‌డిస్క్ మీద విండోస్ 11 నత్తనడక నడుస్తుంది.

డిస్క్‌ను ఎన్ని ముక్కలు చేయాలి?

సీ, డీ, ఈ, ఎఫ్ అంటూ నాలుగు డ్రైవ్‌లు చేసి, సీకి 50 జీబీ మాత్రమే ఇచ్చే అలవాటు ఇంకా ఉంది. అది పాతకాలం లెక్క. అప్‌డేట్‌లు, బ్రౌజర్ ఫైళ్లు పెరిగి కొన్ని నెలలకే సీ డ్రైవ్‌కు ఎర్ర గీత పడుతుంది, పక్కన ఎఫ్ డ్రైవ్ ఖాళీగా పడి ఉంటుంది. రెండు చాలు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే అసలు విడగొట్టకండి, మొత్తం సీకే ఇచ్చేయండి. 512 జీబీ గానీ 1 టీబీ గానీ అయితే సీకి 200 జీబీ, మిగతాది డీకి. సీలో విండోస్, ప్రోగ్రామ్‌లు. మీ సొంత ఫైళ్లన్నీ డీలో. మళ్లీ ఎప్పుడైనా విండోస్ వేయాల్సి వస్తే సీని తుడిస్తే సరిపోతుంది.

ఇది మొదట్లోనే సరిగ్గా వేసుకోవాలి. విండోస్ సెటప్ సీ వెనకాలే రికవరీ అనే చిన్న పార్టిషన్ పెడుతుంది. పక్కపక్కనున్న రెండు మళ్లను గట్టు తీసి కలుపుకోగలం గానీ మధ్యలో ఇంకొకరి మడి ఉంటే కలపలేం కదా, ఇదీ అంతే. డీలో ఎంత ఖాళీ చేసినా, మధ్యలో రికవరీ ఉన్నందున విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీకి ‘ఎక్స్‌టెండ్’ బటన్ వెలగదు.

500 జీబీ డిస్క్ 465గా, 1 టీబీ డిస్క్ 931గా కనిపిస్తే కంగారు పడకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది.

పెన్‌డ్రైవ్ తయారీ

కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఉన్నవన్నీ పోతాయి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్ దానంతటదే అన్నీ చేసిపెడుతుంది. ఐఎస్‌ఓ ఫైల్ (విండోస్ సెటప్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) విడిగా దించుకుంటే, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే రూఫస్ అనే ప్రోగ్రామ్ వాడండి. అందులో పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ (కొత్త పద్ధతి పార్టిషన్ పట్టిక), టార్గెట్ సిస్టమ్ దగ్గర యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి బూటింగ్) ఉండాలి. ఐఎస్‌ఓ 5 జీబీ దాటుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ మొబైల్ రీచార్జ్‌తో ఇది అయ్యే పని కాదు, వైఫై ఉన్నచోట దించుకోండి.

అదే పెన్‌డ్రైవ్‌లో మీ మోడల్‌కు చెందిన వైఫై డ్రైవర్‌ను, సెటప్‌కు డిస్క్ కనిపించేలా చేసే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ను విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. రెండిటి అవసరమూ ముందు ముందు రావచ్చు.

విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా చిప్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అంతకన్నా పాతదైతే అడ్డదారిలో వేసే వీలుంది గానీ అప్‌డేట్‌లకు మైక్రోసాఫ్ట్ పూచీ ఉండదు. అలాంటి ల్యాప్‌టాప్‌కు లైనక్స్ మింట్ నయం.

కరెంటు సంగతి

రోహిణి కార్తె ఎండల్లోనూ, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాలు పట్టే రోజుల్లోనూ మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. బ్యాటరీ బాగుంటే ఫుల్ చార్జ్ పెట్టి, చార్జర్ తగిలించి మొదలుపెట్టండి. బ్యాటరీ చచ్చి చార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే పెట్టండి. కొత్తగా ఫార్మాట్ చేసేటప్పుడు కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఉన్న పార్టిషన్‌ను కుదించేటప్పుడో జరిపేటప్పుడో పోతే మాత్రం డేటా దెబ్బతింటుంది.

బూట్ చేయడం

పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీని పదేపదే నొక్కండి. చాలా మోడళ్లలో హెచ్‌పీకి ఎఫ్9, డెల్‌కు, లెనోవోకు ఎఫ్12, ఏసస్‌కు ఎస్కేప్. ఏసర్‌కు కూడా ఎఫ్12నే, కానీ ముందు ఎఫ్2తో బయాస్‌లోకి (ల్యాప్‌టాప్ మూల సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఎఫ్12 బూట్ మెనూను ఎనేబుల్ చేయాల్సి రావచ్చు. మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్‌ఐ అని రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి.

ప్రోడక్ట్ కీ అడిగితే ‘నా దగ్గర లేదు’ అనే ఆప్షన్ నొక్కండి. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లో లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే, అంటే హోమ్ ఉన్నచోట హోమే వేస్తే, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

అసలు తెర

ఇప్పుడు డిస్క్‌లు, పార్టిషన్ల జాబితా వస్తుంది. ఇక్కడ తొందర పడకండి. డిస్క్ 0, డిస్క్ 1 అనే అంకెలను నమ్మకండి, సైజు చూడండి. 14 జీబీ దగ్గర కనిపించేది మీ 16 జీబీ పెన్‌డ్రైవ్. 238 కనిపిస్తే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఒక ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ రెండూ ఉంటే విండోస్ ఎస్‌ఎస్‌డీలోకే వెళ్లాలి. జాబితాను ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

డిస్క్‌లో ఉంచుకోవాల్సింది ఏదీ లేకపోతే ఆ డిస్క్ కింద ఉన్న పార్టిషన్లన్నీ ఒక్కొక్కటిగా ఎంచి డిలీట్ చేయండి. చివరికి అన్‌అలొకేటెడ్ స్పేస్ అనే ఒకే వరుస మిగలాలి. దాన్ని ఎంచి క్రియేట్ పార్టిషన్ నొక్కండి. పాత సెటప్‌లో ఈ బటన్ పేరు న్యూ. సైజు ఎంబీల్లో అడుగుతుంది. 200 జీబీకి 204800 కొట్టాలి. 200 అని కొడితే 200 ఎంబీ ముక్క వస్తుంది. అప్లై చేయగానే సెటప్ తనకు కావలసిన సిస్టమ్ పార్టిషన్‌ను, విండోస్ తనకోసం ఉంచుకునే 16 ఎంబీల ఎంఎస్‌ఆర్ అనే ముక్కను కూడా చేసుకుంటుంది. వాటి జోలికి వెళ్లకండి. పెద్ద ప్రైమరీ పార్టిషన్‌ను ఎంచి నెక్స్ట్ నొక్కండి. ఫార్మాట్ సెటప్పే చేసుకుంటుంది.

డీ డ్రైవ్‌ను ఉంచుకోవాలంటే దాన్ని అసలు తాకకండి. పాత సీని, దాని పక్కనున్న సిస్టమ్, ఎంఎస్‌ఆర్, రికవరీ చిన్న ముక్కలను మాత్రమే తీసేసి, ఆ ఖాళీలో విండోస్ వేయండి. ఏది సీ, ఏది డీ అన్నది అక్షరాలతో కనిపించదు, సైజుతోనే పోల్చుకోవాలి. ముందురోజే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సైజులు రాసి పెట్టుకుంటే ఈ గందరగోళం ఉండదు.

మొదటి రీస్టార్ట్ దగ్గర పెన్‌డ్రైవ్ తీసేయండి. లేకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌లలో సెటప్ మళ్లీ మొదటికొస్తుంది. నెట్ అడిగేచోట వైఫై కనిపించకపోతే దాచుకున్న డ్రైవర్ వేయండి. లేదా ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి.

మొండికేస్తే

డిస్క్‌లో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉందంటూ సెటప్ ఆపేస్తే, ఆ డిస్క్ పాత పద్ధతిలో ఉందని అర్థం. ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించవు, 2 టీబీకి మించి వాడుకోలేం. డేటా అవసరం లేకపోతే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. నల్ల తెరలో డిస్క్‌పార్ట్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ చేయండి. తర్వాత వరుసగా లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 0, క్లీన్, కన్వర్ట్ జీపీటీ. ఇక్కడ 0 అన్నది ఉదాహరణే. లిస్ట్‌లో సైజు చూసి మీ డిస్క్ అంకె వేయాలి. క్లీన్ అనగానే ‘నిజంగానా?’ అని అడగదు, డిస్క్ మొత్తం పోతుంది. డేటా ఉంటే పాత విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ పనికొస్తుంది. లాజికల్ డ్రైవ్‌లు ఉన్న డిస్క్‌ను మాత్రం అది ఒప్పుకోదు.

అసలు డిస్కే కనిపించకపోతే, ముఖ్యంగా ఇంటెల్ 11వ తరం, ఆపై ల్యాప్‌టాప్‌లలో, కారణం చాలావరకు వీఎండీ అనే ఇంటెల్ డిస్క్ సెట్టింగ్. లోడ్ డ్రైవర్ నొక్కి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న ఆర్‌ఎస్‌టీ ఫోల్డర్ చూపించండి, డిస్క్ ప్రత్యక్షమవుతుంది. బయాస్‌లో వీఎండీని ఆపేసినా కనిపిస్తుంది గానీ, అప్పటికే వీఎండీతో వేసిన పాత విండోస్ ఉంటే అది బూట్ కాదు.

డీ డ్రైవ్, ఫార్మాట్ రకాలు

కొత్త విండోస్ వచ్చాక స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. నల్ల పట్టీతో ఉన్న అన్‌అలొకేటెడ్ మీద రైట్ క్లిక్, న్యూ సింపుల్ వాల్యూమ్, అక్షరం డీ, ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్, అలొకేషన్ యూనిట్ డిఫాల్ట్. క్విక్ ఫార్మాట్ టిక్ ఉంచండి. క్విక్‌లో కొత్త ఫైల్ పట్టిక మాత్రమే రాస్తారు. టిక్ తీసేస్తే డిస్క్ మొత్తం సున్నాలు రాసి, చెడిన సెక్టార్లు వెతుకుతుంది. 1 టీబీ హార్డ్‌డిస్క్‌కు అది గంటల పని. పాత హార్డ్‌డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు, ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడు ఆ గంటలు వెచ్చించడం న్యాయమే. ఎస్‌ఎస్‌డీ అమ్మేటప్పుడు బయాస్‌లో సెక్యూర్ ఎరేజ్ ఉంటే దాన్ని వాడాలి.

విండోస్ పక్కన లైనక్స్

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ లేదా డీని ష్రింక్ చేసి కనీసం 60 జీబీ ఖాళీగా వదలండి. సీ సగానికి మించి తగ్గనంటే కదల్చలేని ఫైళ్లు అడ్డుగా ఉన్నట్టు. హైబర్నేషన్‌ను, పేజింగ్ ఫైల్‌ను తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నించండి. ఫాస్ట్ స్టార్టప్ తప్పకుండా ఆపాలి, లేకపోతే లైనక్స్‌లోంచి విండోస్ డ్రైవ్‌లో ఏమీ రాయలేరు. మింట్ ఇన్‌స్టాలర్‌లో ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఎంచి, ఖాళీలో ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైల్ సిస్టమ్) పార్టిషన్ చేసి, మౌంట్ పాయింట్ దగ్గర ఏటవాలు గీత (/) ఒక్కటి పెట్టండి. ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నే (విండోస్ సెటప్ చేసుకున్న సిస్టమ్ పార్టిషన్ ఇదే) వాడుకోనివ్వండి, దానికి ఫార్మాట్ టిక్ పెడితే విండోస్ బూట్ పోతుంది. తర్వాత విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి వెళ్తే అది చెడిపోయినట్టు కాదు. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ ఆర్‌టీసీ (మదర్‌బోర్డు గడియారంలో మన సమయమే ఉంచే ఆప్షన్) ఆన్ చేస్తే రెండూ కలుస్తాయి.

పొరపాటున వేరే పార్టిషన్ డిలీట్ అయితే

అక్కడే ఆగిపోండి. దాని స్థానంలో కొత్తది చేయకండి, విండోస్ వేయకండి, ల్యాప్‌టాప్ ఆపేయండి. డిలీట్ అయింది పట్టికలోని వరుస మాత్రమే, ఫైళ్లు ఇంకా డిస్క్ మీదే ఉంటాయి. డిస్క్‌ను తీసి వేరే కంప్యూటర్‌కు పెట్టి టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే పోయిన పార్టిషన్ చాలాసార్లు తిరిగి దొరుకుతుంది. ఫార్మాట్ కూడా అయిపోయి ఉంటే ఫొటోరెక్‌తో ఫొటోలు, డాక్యుమెంట్లు ఏరుకోవచ్చు గానీ ఫైళ్ల పేర్లు మిగలవు. ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ తక్కువ. ఫార్మాట్ చేసేటప్పుడే విండోస్ ట్రిమ్ ఆదేశం పంపుతుంది, పాత డేటాను డ్రైవ్ తనే ఖాళీ చేసేస్తుంది.