వాడిన నీళ్లు కూరగాయల మడికి మళ్లించే ముందు

ముందుగా తేల్చుకోవలసింది అవి ఏ నీళ్లన్నది. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లను అదే రోజు మొక్కలకు పోయవచ్చు. స్నానాల నీళ్లు వడగట్టాక పనికొస్తాయి. మరుగుదొడ్డి నీళ్లు, పసిపిల్లల మలం అంటిన బట్టలు ఉతికిన నీళ్లు మడి దరిదాపులకు రాకూడదు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలవుతుంటే ఆ రోజుల్లో స్నానాల నీళ్లూ వద్దు.

అన్నిటికన్నా నాకు భయం బట్టల నీళ్లతోనే. సబ్బుపొడిలోని సోడియం పేరుకుంటే నేల, ముఖ్యంగా నల్లరేగడి, బిగుసుకుపోయి నీరు ఇంకదు. మట్టిపై తెల్లటి పొర కట్టినా, ఆకుల అంచులు మాడినా వెంటనే ఆపి, కొన్ని తడులు మంచినీళ్లే ఇవ్వండి. మొదటి ఉతుకు నీళ్లు కాలువకు వదిలేసి, జాడించిన నీళ్లే తీసుకోండి. బ్లీచింగ్ పౌడరు, బోరాక్స్ (వెలిగారం) కలిసినవి అసలు వద్దు.

• వెంట్రుకలు, నూనె జిడ్డు ఆగేలా గుడ్డ, ఇసుక, కంకర గుండా వడగట్టాలి.
• 24 గంటలకు మించి నిల్వ ఉంచితే కంపు కొడతాయి, దోమలు చేరతాయి.
• మొదళ్ల దగ్గర మట్టిలోకే పారించాలి, ఆకులపై చల్లకూడదు.
• కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, క్యారెట్ లాంటి పచ్చిగా తినేవాటికి పోయవద్దు. వంగ, బెండ, పందిరికి పాకిన బీర, సొర నయం. కోసినవాటిని మంచినీళ్లతో బాగా కడిగి, ఉడికించే తినండి.
• వాన పడుతుంటే మళ్లించవద్దు.
• వాడిన నీళ్లు మడికి తెచ్చే గొట్టాన్ని తాగునీటి పైపుకు ఎక్కడా కలపవద్దు. పిల్లలు గుర్తుపట్టేలా వేరే రంగు వేయండి.