దొరవారి తుపాకీ నిజంగా దొరవారిదేనా?

పెట్టె మీది కిరీటం గుర్తును నమ్మకండి. లండన్‌లో పాత వేట తుపాకుల జాబితాలు రాయడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక ప్రభువు పేరున్న తోలుపెట్టెను చూసి మురిసిపోయాను. లోపలి తుపాకీ వేరేవారిది!

ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడండి. రెండుసార్లు చూసినా తప్పు లేదు. తర్వాత విడదీసి గొట్టాలు, చట్రం, ముందు చెక్క మీది సంఖ్యలు పోల్చండి. గొట్టాల నడుమ పట్టీపై చిరునామా ఉంటుంది. లండన్ తుపాకీ తయారీదారు పర్డీ చేసినదానిపై ఆక్స్‌ఫర్డ్ వీధి అని ఉంటే ఆ గొట్టాలు 1880ల తొలినాళ్లకు ముందువి. సౌత్ ఆడ్లీ వీధి ఉంటే ఆ తర్వాతివి. గొట్టాలు మార్చి ఉండవచ్చు, జాగ్రత్త.

ఆ సంఖ్యతో తయారీదారుకు రాసి, పద్దులో మొదట కొన్నవారి పేరు అడగండి. జవాబు వచ్చేదాకా దేనికీ పాలిష్ పెట్టకండి.