సింథ్‌పాప్ ఆల్బమ్ తయారీ – 4వ పాఠం: స్వరం ఎక్కడ ఆగాలి?

గత పాఠంలో ఫిల్టర్‌ను తిప్పుతూ ఒకే స్వరానికి రకరకాల రంగులు అద్దడం అభ్యసించాము. ఆ స్వరాన్ని ఎంతసేపు మోగనివ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఈ పాఠం. ఇందుకు యాజూ ద్వయం 1982లో వెలువరించిన తొలి ఆల్బమ్ ‘అప్‌స్టెయిర్స్ ఎట్ ఎరిక్స్’ కంటే మంచి నమూనా నాకు తెలియదు.

డిపెష్ మోడ్ బృందం నుంచి బయటికి వచ్చిన విన్స్ క్లార్క్ సింథసైజర్ల (విద్యుత్తుతో ధ్వని పుట్టించే వాద్యాల) పని చూసుకోగా, బ్లూస్ పాడుతూ వచ్చిన అలిసన్ మోయే గాత్రం అందించారు. లండన్‌లో ఒకప్పటి చర్చి భవనంలో నడిచిన బ్లాక్‌వింగ్ స్టూడియోలో ఈ ఆల్బమ్ రికార్డయింది. పేరులోని ఎరిక్, అక్కడి ఇంజనీరు ఎరిక్ రాడ్‌క్లిఫ్. సింథసైజర్లను ఒకదానితో ఒకటి కలిపే మిడి పద్ధతి 1983లో గాని రాలేదు. క్లార్క్ ఎంతో మక్కువపడిన రోలాండ్ ఎం.సి.-4 వంటి యంత్రంలో ప్రతి స్వరానికీ స్వరస్థానం ఏది, తరువాతి స్వరం ఎప్పుడు రావాలి, ఈ స్వరం ఎంతసేపు పలకాలి అన్న మూడింటినీ అంకెలుగా నొక్కవలసిందే. తరువాతి స్వరం వచ్చేదాకా పట్టే కాలాన్ని స్టెప్ అనీ, స్వరం పలికే కాలాన్ని గేట్ అనీ అంటారు.

ఇప్పుడు మీ కంప్యూటర్ ముందు కూర్చోండి. ఒక దెబ్బను 120 భాగాలుగా అనుకుని, చతురశ్ర గతిలో నాలుగు స్వరాలు నింపితే ఒక్కొక్క స్టెప్ 30 అవుతుంది. షడ్జమాన్ని 0గా తీసుకుని అర్ధస్వరాలను లెక్కిస్తే అంతర గాంధారం 4, పంచమం 7, తారషడ్జం 12. ఒకసారికి ఒకే స్వరం పలికే సింథ్‌ను ఎంచుకుని 0, 7, 12, 4 వరుసను తిరిగి తిరిగి మోగించండి. మొదట గేట్‌ను 30 ఉంచితే స్వరాలు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఎడతెగని ధారలా వినిపిస్తాయి. దానిని 15కు తగ్గించండి: వేగం మారలేదు, స్వరాలు మారలేదు, అయినా వరుస లేచి నడవడం మొదలుపెడుతుంది. 8కి తెస్తే ముత్యాలు రాలినట్టు ఉంటుంది.

ఈ వరుస మీద మీరే ఒక చరణం పాడుకుని చూడండి. నేను మొదట్లో ప్రతి గేట్‌నూ నిండుగా ఉంచి, గొంతు వినబడడం లేదని గాత్రం శబ్దాన్ని పెంచుకుంటూ పోయేవాణ్ణి. తప్పు గొంతులో లేదు, దానికి చోటివ్వని వాద్యంలో ఉంది. మోయే వంటి బరువైన గొంతు నిలవాలంటే వెనుక తెరపిలు ఉండితీరాలి.

అభ్యాసం: పల్లవికి గేట్ 20, చరణానికి 10 చొప్పున పెట్టి, రెండింటినీ వేరువేరు ట్రాకుల్లో రికార్డు చేసి భద్రపరచండి. 5వ పాఠంలో వాటి కింద బేస్ వరుసను కూరుస్తాము.